గుమ్మం లెక్క

విక్ రేవు పక్కన బార్.
బయట పలక మీద సుద్దతో నా పేరు.
మిర్రెన్ స్వాన్సన్, ఈ రాత్రి, ఐదు పౌండ్లు.
మిర్రెన్‌లో ఒక ర ఎగిరిపోయింది.
కింద నాకంటే పెద్ద అక్షరాల్లో
చేపల పులుసు, ఆరు.

ఇన్వర్‌నెస్ నుంచి నూట మూడు మైళ్లు.
ఒక్క వైపరే కదిలే వ్యాన్‌లో
అకార్డియన్‌కి బెల్టు పెట్టి, పసిపిల్లలా తెచ్చాను.
ఫెర్గస్ దారి పొడుగునా డీజిల్ ముల్లునే చూశాడు,
జ్వరం ఎంతుందో చూసే తల్లిలా.

సౌండ్ చెక్ అంటే,
పొద్దుటినుంచి చేపల పెట్టెలు మోసి వచ్చిన కాలమ్
"ఒకటీ రెండూ" అనమంటాడు.
అంటాను.
"రెండు వినపడింది. ఒకటి లేదు" అంటాడు.
ఎడమ స్పీకరు పోయిన క్రిస్మస్ నుంచీ మూగదట.
పరవాలేదు, నా ఎడమ చెవీ అంతే,
పదేళ్లుగా డ్రమ్ముల పక్కన నిలబడ్డ చెవి.

ఎనిమిదింటికి మొదలని రాశారు.
ఎనిమిదింటికి ఏడుగురు.
అందులో ఇద్దరు మాకంటే ముందు పాడే కుర్రాళ్లు,
ఒకామె వాళ్ల అమ్మ.
ఎనిమిదిన్నర దాకా చూద్దాం అన్నాడు యజమాని.
ఏ ఊళ్లోనైనా ఇదే నమ్మకం,
ఎనిమిదిన్నరకి జనం ఇరగబడతారని.
ఇరగబడింది వాన.

మొదటి పాట డార్ట్స్ ఆడేవాళ్లకి.
రెండోది గ్లాసులు కడిగే యంత్రానికి.
మూడోది మా నాన్నమ్మ మీద రాసుకున్నది,
చివరి మాట దగ్గర గొంతు వదిలేసి
ఉత్త ఊపిరితో అనాలి.
సరిగ్గా ఆ ఊపిరి మీదే
ఎవరో ఐసు తవ్వుతారు.
కోపం తెచ్చుకోవడం మానేశాను.
ఐసుది నా కంటే అర మెట్టు ఎక్కువ శ్రుతి, అంతే.

ఎర్ర టోపీ పెద్దాయన పాట పాటకీ అరుస్తున్నాడు,
అందరికీ తెలిసింది ఏదైనా వెయ్యి అని.
అందరికీ తెలిసినవన్నీ
ఒక రాత్రి ఎవరికీ తెలియనివే కదా, అందామనుకున్నాను.
మైకు నోటి దగ్గరే ఉంది.
నవ్వాను.
తిరుగు దారిలో వ్యాన్ అద్దానికి అంతా చెప్పాను,
బూతులతో సహా.

అప్పుడు ఆమె.
చేపల కంపెనీ తెల్ల బూట్లు,
చేతిలో కుక్క గొలుసు,
ఒక కాలు లోపల, ఒక కాలు వానలో.
కాలమ్ డబ్బుల డబ్బా ఎత్తి చూపించాడు.
వద్దని తల ఊపాను, పాడుతూనే, తాళం తప్పకుండా.
(తప్పింది. ఫెర్గస్ సర్దాడు.)
ఆమె నవ్వలేదు, ఏడవలేదు, కాలు ఆడించలేదు.
నా మొహం వైపు కూడా కాదు,
వేళ్ల వైపు చూసింది,
పక్క బల్ల మీద ఎవరు ఎంత వేగంగా చేప కోస్తున్నారో
చూసే మనిషిలా.
వెళ్లిపోతుందేమోనని
రెండో చరణం మళ్లీ పాడాను.
మూడోసారికి కుక్క ఒప్పుకోలేదు.

పదకొండున్నరకి బార్ బల్ల మీద చిల్లర.
పదకొండు మంది, యాభై ఐదు.
కాలమ్‌కి ఇరవై.
కుర్రాళ్లకి పది, వాళ్లమ్మ చూస్తుండగా.
సీడీలు రెండు అమ్ముడయ్యాయి, ఇరవై.
(ఒకటి ఆ అమ్మే కొంది, పది అలా తిరిగొచ్చింది.)
డీజిల్ నలభై.
మిగిలింది ఐదు.
పలక మీద రాసిన నా ఖరీదే, అణా పైసలతో సహా.
పులుసుకి ఒకటి తక్కువ.
అందులోనూ సగం ఫెర్గస్‌ది.

గుమ్మం లెక్కలో తెల్ల బూట్లు లేవు.
ఎక్కడ రాయాలో తెలియక
రేపటి పాటల కాగితం వెనక
కుక్క, రెండు చరణాలు, అని రాసి పెట్టాను.

రేపు థర్సో.
అక్కడ రెండు స్పీకర్లూ పలుకుతాయట,
ఫెర్గస్ ఎవరినో అడిగాడు.